కనబడని పడవను కనిపెట్టేదెట్లా?

పిల్లలూ! మీలో చాలామంది తిరుమలలో తెప్పోత్సవం చూసే ఉంటారు. ఏటా ఫాల్గుణ పౌర్ణమితో ముగిసేటట్టు అయిదు రోజులపాటు స్వామి పుష్కరిణిలో తెప్ప తిరుగుతుంది. చిత్తూరు వైపు పిల్లలకు కాణిపాకం తెప్పోత్సవం తెలుసు. తిరుచానూరు పద్మసరోవరంలో కూడా తెప్ప తిరుగుతుంది. మెట్లమీద ఏ మూల కూర్చున్నా ఆ దీపాల తెప్ప మన కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. అది ఎక్కడ ఉన్నదో, ఎటు పోతున్నదో చెప్పటానికి ఏ యంత్రమూ అక్కరలేదు. తెప్పమీద ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా వెయ్యి కళ్ళు చూస్తాయి.

కాని నీళ్ళన్నీ పుష్కరిణిలాగా నాలుగు వరసల మెట్లమధ్య ఇమిడి ఉండవు గదా! నదిలో లాంచీ మలుపు తిరిగిందంటే రేవులో ఉన్నవారికి కనబడదు. పెద్ద సరస్సులో పడవ కొంత దూరం పోయేసరికి చుక్క అవుతుంది, ఆ తరవాత ఆ చుక్క కూడా మాయమవుతుంది. అటువంటి పడవ క్షేమంగా ఉన్నదో లేదో ఒడ్డున ఉన్నవారికి తెలిసేదెట్లా? ఈ నెల మనం తెలుసుకోబోయేది అదే.

పులికాట్ మీద షికారు

ఉదాహరణకు ఎక్కడికో పోనక్కరలేదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట, తడ, శ్రీహరికోట ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి. దానితోపాటు పులికాట్ సరస్సులో చాలా భాగం కూడా మన జిల్లాకు వచ్చింది. మన దేశంలో ఒరిస్సాలోని చిలకా సరస్సు తరవాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. కాళంగి, ఆరణి నదుల మంచినీళ్ళు ఒక పక్కనుంచి, బంగాళాఖాతం ఉప్పునీళ్ళు మరొక పక్కనుంచి వచ్చి ఇందులో కలుస్తాయి. సరస్సుకూ సముద్రానికీ నడుమ అడ్డుగోడలాగా ఉన్న దీవి శ్రీహరికోట.

చలికాలంలో ఈ సరస్సుకు ఫ్లెమింగోలు అనే పొడుగుకాళ్ళ పక్షులు గుంపులు గుంపులుగా వస్తాయి. వాటిని చూడటానికి మనుషులు కూడా గుంపులుగానే వస్తారు. తడ దగ్గర భీములవారిపాళెం రేవులో పడవ ఎక్కి సరస్సు మీద షికారు పోతారు. 2025 జనవరిలో మూడు రోజులు జరిగిన ఫ్లెమింగో పండుగలో కూడా ఈ రేవులో పడవ షికారు ఏర్పాటు చేశారు.

సరస్సులో చాలాచోట్ల నీళ్ళు పెద్దవాళ్ళ నడుము లోతుకు మించవు. ‘‘నడుము లోతు నీళ్ళలో ప్రమాదం ఏమిటి?’’ అని మీరు అడగవచ్చు. అక్కడే ఉన్నది చిక్కు. అడుగున ఉన్నది బురద. అందులో దిగిన కాలు సులువుగా పైకి రాదు. పైగా సరస్సంతా ఒకే లోతు ఉండదు. నీరు సముద్రంలోకి పోయే ముఖద్వారం దగ్గర లోతూ ఎక్కువే, ఉరవడీ ఎక్కువే. మైదానంలాంటి సరస్సు మీద గాలి లేచిందంటే దానిని అడ్డుకునే చెట్టూ లేదు, గుట్టా లేదు. 2011 డిసెంబరు 25న, క్రిస్మస్ పండుగనాడు, ఈ సరస్సుకే తమిళనాడు వైపున ఉన్న పళవేర్కాడు దగ్గర షికారు పడవ ఒకటి తిరగబడి 22 మంది చనిపోయారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. పండుగపూట సరదాగా బయలుదేరినవారే వాళ్ళంతా.

ఇంకొక విషయం చూడండి. భూమి గుండ్రంగా ఉన్నది గనక, నీటి అంచున నిలబడిన పదేళ్ళ పిల్లవాడికి ఎంత మంచి చూపు ఉన్నా సుమారు 4 కిలోమీటర్ల దూరం వరకే నీటి మట్టం కనిపిస్తుంది. ఆ పైన నీరు భూమి వంపు చాటుకు పోతుంది. తెల్లవారుజామున మంచు కురుస్తూ ఉంటే ఆ 4 కిలోమీటర్లు కాస్తా 200 మీటర్లు కావచ్చు. రేవులో నిలబడి కళ్ళు చిట్లించుకుని చూసినంత మాత్రాన పడవకు రక్షణ లేదన్నమాట.

గోదావరి నేర్పిన పాఠం

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి డెబ్బైమందికి పైగా జనంతో ఒక లాంచీ గోదావరి మీద బయలుదేరింది. నది వరదలో ఉన్నది. దేవీపట్నం మండలంలోని కచ్చులూరు దగ్గర, సుడులు తిరిగే చోట, లాంచీ మునిగిపోయింది. అది చూసి ముందుగా వచ్చినవారు కచ్చులూరు గ్రామస్థులు. తమ చిన్న పడవలు వేసుకుని వరదలోకి వెళ్ళి 26 మందిని ఒడ్డుకు చేర్చారు. మిగిలినవారిని రక్షించటం ఎవరి తరమూ కాలేదు. మునిగిన లాంచీ ఎక్కడ ఉన్నదో వెతకటానికి నీటి అడుగున ధ్వని తరంగాలతో చూసే సోనార్ యంత్రాలు తెచ్చారు. చివరకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం 38 వ రోజున, అంటే అక్టోబరు 22న, దానిని బయటికి లాగింది.

ఈ కథలో గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆ రోజున ప్రమాదాన్ని చూసింది ఒడ్డున ఉన్న ఒక ఊరివారి కళ్ళు. ఆ మలుపులో ఊరు లేకపోయి ఉంటే? కొండల నడుమ సెల్‌ఫోను సంకేతాలు అందటమూ కష్టమే. అందుచేత 2020లో రాష్ట్ర ప్రభుత్వం గోదావరి, కృష్ణ తీరాలలోనూ విశాఖపట్నంలోనూ 9 చోట్ల పడవల కంట్రోల్ రూములకు శంకుస్థాపన చేసింది. పడవ కదిలే ముందే దానిలో ఎందరు ఉన్నారు, నది వరదలో ఉన్నదా, సరంగుకు అనుమతి ఉన్నదా అని చూడటం ఈ కంట్రోల్ రూముల పని. కదిలిన తరవాత పడవ ఎక్కడ ఉన్నదో కనిపెడుతూ ఉండటం కూడా వాటి పనే.

కనిపెడుతూ ఉండటమంటే పడవ తరఫున రెండు ప్రశ్నలకు జవాబు దొరకాలి. మొదటిది: ‘‘నేను ఎక్కడ ఉన్నాను?’’ రెండవది: ‘‘ఆ సంగతి నలుగురికీ ఎట్లా చెప్పను?’’

నేను ఎక్కడ ఉన్నాను?

దీనికి ఒక ఆట ఆడి చూడండి. ఆంధ్రప్రదేశ్ పటం ఒకటీ, వృత్తాలు గీసే కంపాసూ తీసుకోండి. మనసులో ఒక ఊరు అనుకోండి. శ్రీకాళహస్తి అనుకుందాం. పటం మీద తిరుపతినుంచి శ్రీకాళహస్తికి దూరమెంతో కంపాసుతో కొలవండి. అట్లాగే చిత్తూరునుంచీ, సూళ్ళూరుపేటనుంచీ కూడా కొలవండి. ఊరి పేరు చెప్పకుండా ఈ మూడు కొలతలు మాత్రం మీ స్నేహితుడికి ఇవ్వండి.

అతను తిరుపతి చుట్టూ మొదటి కొలతతో వృత్తం గీస్తాడు. మీ ఊరు ఆ గీత మీద ఎక్కడో ఉండాలి. చిత్తూరు చుట్టూ రెండవ వృత్తం గీస్తే అది మొదటిదాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది. ఊరు ఆ రెంటిలో ఒకటి. సూళ్ళూరుపేట చుట్టూ గీసిన మూడవ వృత్తం ఆ రెంటిలో ఒక్కదాని గుండానే పోతుంది. దొరికిపోయింది, శ్రీకాళహస్తి!

పడవలోని యంత్రం చేసేదీ ఇదే. అయితే దానికి ఊళ్ళకు బదులు ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు ఉంటాయి. అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నాయి. ప్రతి ఉపగ్రహమూ ‘‘నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు నా గడియారంలో ఇంత సమయం’’ అని రేడియో తరంగాల మీద ఎడతెగకుండా చెపుతూ ఉంటుంది.

మెరుపు మెరిసిన తరవాత ఉరుము ఎన్ని సెకండ్లకు వినపడిందో లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పవచ్చునని మీకు తెలుసు. 3 సెకండ్లకు సుమారు ఒక కిలోమీటరు. ఉపగ్రహం మాట ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి యంత్రం కూడా అట్లాగే దూరం లెక్కకడుతుంది. ఐతే ధ్వని సెకండుకు 340 మీటర్లు పోతే, రేడియో తరంగం సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది! అందువల్ల గడియారంలో సెకండులో పదిలక్షలవ వంతు తేడా వస్తే లెక్కలో 300 మీటర్ల తేడా వస్తుంది. రేవులో ఉన్న పడవ రోడ్డు మీద ఉన్నట్టు కనిపిస్తుంది!

ఉపగ్రహాలలో అణు గడియారాలు పెట్టేది ఇందుకే. మన చేతిలోని చిన్న యంత్రంలో అంత ఖరీదైన గడియారం పెట్టలేం గదా! అందుకని అది మూడు ఉపగ్రహాలతో తృప్తిపడక, నాలుగో ఉపగ్రహం మాట కూడా విని, తన గడియారం ఎంత తప్పు చూపుతున్నదో తానే కనిపెట్టి సరిచేసుకుంటుంది.

మన దేశానికి కూడా ఇటువంటి ఏర్పాటు ఉన్నది. దాని పేరు నావిక్. దాని మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న పులికాట్ పక్కనే ఉన్న శ్రీహరికోటనుంచి లేచింది. మన దేశంలో తయారైన అణు గడియారంతో 2023 మే 29న ఇంకొక ఉపగ్రహం వెళ్ళింది. 2025 జనవరి 29న శ్రీహరికోటనుంచి జరిగిన నూరవ ప్రయోగం కూడా నావిక్ ఉపగ్రహం కోసమే. రాకెట్టు తన పని చక్కగా చేసింది గాని, ఉపగ్రహంలోని ఒక కవాటం తెరుచుకోక అది అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. ఆకాశంలో పని అంత సులువు కాదు. అందుకే ఇప్పటి యంత్రాలు ఒక్క దేశపు ఉపగ్రహాల మీదనే ఆధారపడక, దొరికినన్నింటి మాటా వింటాయి.

దీనిలో మన తిరుపతి ప్రాంతానికి మరి రెండు విధాల చుట్టరికం ఉన్నది. ఉపగ్రహం మాట భూమికి చేరేలోపల అయనోవరణం అనే పొరను దాటి రావాలి. ఆ పొర తరంగాలను ఆలస్యం చేసి లెక్క తప్పిస్తుంది. తిరుపతికీ చిత్తూరుకూ మధ్య ఉన్న గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉన్నదని విన్నారా? అక్కడి పెద్ద రాడారు మైదానంలో నాటిన ఏరియల్‌ల తోటలాగా ఉంటుంది. ఆ పై పొరల సంగతి తెలుసుకోవటం అక్కడి శాస్త్రజ్ఞుల పనులలో ఒకటి. తిరుపతి ఐ.ఐ.టి.లో కూడా, స్థానాన్ని కచ్చితంగా తెలుసుకునే విద్యల కోసమే ఒక ప్రత్యేక పరిశోధన కేంద్రం ఉన్నది.

నలుగురికీ ఎట్లా చెప్పను?

తానెక్కడ ఉన్నదో తనకు తెలిస్తే చాలదు. పక్క పడవలకూ, ఒడ్డున ఉన్నవారికీ తెలియాలి. దీనికి ఓడలలో ఉపయోగించే పరికరం పేరు ఎ.ఐ.ఎస్. ‘‘తనంతట తాను ఆనవాలు చెప్పే ఏర్పాటు’’ అని దాని అర్థం. ఇది ఒక చిన్న రేడియో. దీనికి మాటలు రావు, అంకెలే వచ్చు. ‘‘నా నంబరు ఇది, నేను ఉన్న చోటు ఇది, నా వేగం ఇంత, నేను పోయే దిక్కు ఇది’’ అని కొద్ది సెకండ్లకు ఒకసారి చాటుతూ ఉంటుంది. ప్రతి ఓడకూ తొమ్మిది అంకెల నంబరు ఉంటుంది. దానిలో మొదటి మూడు అంకెలూ దేశాన్ని చెపుతాయి. మన భారతదేశం అంకె 419.

నడుస్తున్న పెద్ద ఓడ 2 సెకండ్లనుంచి 10 సెకండ్లకు ఒకసారి తన వార్త చెపుతుంది. ఎంత వేగంగా పోతూ ఉంటే అంత తరచుగా చెపుతుంది. లంగరు వేసుకుని నిలబడితే 3 నిమిషాలకు ఒకసారి చాలు. చిన్న పడవల కోసం తక్కువ ఖరీదులో చేసిన రకం, పడవ నడుస్తున్నప్పుడు మామూలుగా 30 సెకండ్లకు ఒకసారి చెపుతుంది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. రేవులో నూరు ఓడలుంటే అన్నీ ఒకేసారి అరిస్తే ఎవరి మాట వినపడుతుంది? మీ తరగతిలో అందరూ ఒకేసారి హాజరు పలికితే మేష్టారికి ఏమి వినపడుతుంది? అందుకే ఒక్కొక్కరే వరసగా ‘‘ఉన్నాను సార్!’’ అంటారు. ఎ.ఐ.ఎస్.లో కూడా అంతే. ఒక నిమిషాన్ని 2,250 వంతులుగా పంచారు. ఒక్కొక్క వంతు సెకండులో నలభయ్యో భాగం కన్నా కొంచెం ఎక్కువ. ఇటువంటి రేడియో దారులు రెండు ఉన్నాయి గనక నిమిషానికి 4,500 వంతులన్నమాట.

ఐతే హాజరుపట్టీ పట్టుకునే మేష్టారు సముద్రంలో ఎవరున్నారు? ఎవరూ లేరు! ప్రతి ఓడా కొంతసేపు నోరు మూసుకుని విని, ఖాళీగా ఉన్న వంతు చూసుకుని, ‘‘తరవాత నేను ఫలానా వంతులో మాట్లాడతాను’’ అని ముందే చెప్పి పెడుతుంది. మిగిలినవి ఆ వంతు దాని కోసం వదిలేస్తాయి. అందరి గడియారాలూ ఉపగ్రహాలను చూసి సరిచేసుకున్నవే గనక వంతులు తప్పవు. ఈ మర్యాదను రూపొందించినవారిలో స్వీడన్ దేశస్థుడు హోకన్ లాన్స్ ముఖ్యుడు.

దీని లాభం లెక్క వేసి చూద్దాం. మంచు కురిసే ఉదయాన ఒక పడవ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది. ఎదురుగా రెండవది గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది. రెండూ కలిసి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దగ్గరవుతున్నాయి. మంచులో 200 మీటర్లే కనిపిస్తుందనుకుంటే, ఒకదాన్ని ఒకటి చూసుకున్న 24 సెకండ్లలో రెండూ ఢీకొంటాయి! చుక్కాని తిప్పేలోపలే అంతా అయిపోతుంది. కాని రేడియో తరంగాలకు మంచు అడ్డం కాదు. 3 కిలోమీటర్ల దూరంలో ఉండగానే యంత్రం చెపితే, 6 నిమిషాల వ్యవధి ఉంటుంది. ఆ 6 నిమిషాలలో చిన్న పడవ 12 సార్లు తన వార్త చెపుతుంది. ‘‘ఇట్లాగే పోతే మీ ఇద్దరూ ఇన్ని నిమిషాలకు ఇంత దగ్గరగా వస్తారు’’ అని యంత్రమే లెక్కకట్టి గంట మోగిస్తుంది.

నీళ్ళలో పడిన మనిషి కోసం కూడా ఇదే రకం చిన్న పరికరం ఒకటి ఉన్నది. దానిని లైఫ్ జాకెట్‌కు తగిలిస్తారు. మనిషి నీళ్ళలో పడితే అది 972 అంకెతో మొదలయ్యే నంబరుతో కేక పెడుతుంది. చుట్టుపక్కల ఓడల అద్దాల మీద ఆ నంబరు కనబడిందంటే ‘‘ఇది ఓడ కాదు, మనిషి!’’ అని వెంటనే తెలుస్తుంది. అలల మధ్య తేలే మనిషి తలను వెతకటం ఎంత కష్టమో ఆలోచించండి. ఈ పరికరం విలువ మీకే తెలుస్తుంది.

దీపస్తంభానికి చెవులు

2004 డిసెంబరు 31 లోపల ప్రపంచంలోని ప్రయాణీకుల ఓడలూ, దేశంనుంచి దేశానికి పోయే పెద్ద సరుకు ఓడలూ ఎ.ఐ.ఎస్. అమర్చుకోవాలని అంతర్జాతీయ నిబంధన వచ్చింది. చిన్న షికారు పడవలకు ఆ నిబంధన వర్తించదు. వెనక 2008 నవంబరులో బొంబాయి మీద దాడి చేసినవారు సముద్రం మీదనుంచే వచ్చారు. ఆ తరవాత మన దేశంలో సముద్ర తీరం పొడుగునా దీపస్తంభాల మీద ఎ.ఐ.ఎస్. వినే యంత్రాలు పెట్టారు. రాత్రిపూట ఓడలకు దారి చూపే దీపస్తంభానికి ఇప్పుడు పగలూ రాత్రీ వినే చెవులు కూడా వచ్చాయి.

ఆ చెవులకు ఎంత దూరం వినపడుతుంది? ఈ తరంగాలు కూడా, ఇంచుమించు చూపులాగానే, తిన్నగా పోతాయి. 36 మీటర్ల ఎత్తున ఉన్న ఏరియల్‌కు, నీటికి 2 మీటర్ల ఎత్తున ఏరియల్ ఉన్న చిన్న పడవ మాట సుమారు 30 కిలోమీటర్ల దూరం వరకు అందుతుంది. ఆ పైన భూమి వంపు అడ్డు వస్తుంది.

మరి నడిసముద్రంలో ఓడల మాట వినేదెట్లా? ఇంకా ఎత్తుకు పోవాలి. 2011 ఏప్రిల్ 20న శ్రీహరికోటనుంచి లేచిన రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహం పంటలనూ అడవులనూ ఫొటోలు తీయటానికి వెళ్ళింది. కాని దానితోపాటు కెనడావారు చేసిన ఎ.ఐ.ఎస్. యంత్రం ఒకటి ప్రయోగం కోసం వెళ్ళింది. 800 కిలోమీటర్లకు పైబడిన ఎత్తునుంచి చూస్తే నలుదిక్కులా మూడువేల కిలోమీటర్ల మేర సముద్రం కిందనే ఉంటుంది. ఐతే అక్కడ ఒక తమాషా ఇబ్బంది ఉన్నది. ఒకదాని మాట ఒకటి వినలేనంత దూరంలో ఉన్న ఓడలు ఒకే వంతులో మాట్లాడతాయి. కింద వాటికి ఇబ్బంది లేదు. పైన ఉన్న ఉపగ్రహానికి మాత్రం ఇద్దరి మాటలూ కలిసిపోయి వినపడతాయి. వాటిని విడదీయటానికి శాస్త్రజ్ఞులు చాలా తంటాలు పడ్డారు.

చిన్న పడవల మాట

పెద్ద ఓడలకు ఇన్ని హంగులున్నాయి సరే. చేపల పడవకూ, షికారు పడవకూ ఏమున్నది?

మన ఇస్రోవారు ఆపదవార్త పంపే పరికరం ఒకటి చేశారు. 2010 నుంచి జాలర్లు దానిని వాడుతున్నారు. ఆపద వచ్చినప్పుడు మీట నొక్కితే పడవ ఉన్న చోటు ఉపగ్రహం ద్వారా రక్షణ కేంద్రానికి, అక్కడినుంచి తీరరక్షక దళానికి చేరుతుంది. మొదటి రకంలో ఒక లోపం ఉండేది. మీట నొక్కినవాడికి తన మొర ఎవరైనా విన్నారో లేదో తెలిసేది కాదు. నడిసముద్రంలో చీకట్లో అట్లా ఎదురు చూడటం ఎంత భయంగా ఉంటుందో! కొత్త రకంలో ‘‘మీ వార్త అందింది, వస్తున్నాం’’ అని తిరుగు జవాబు వస్తుంది. ఈ జవాబు పడవను ఒక్క అంగుళం కూడా కదిలించదు గాని, మనిషికి ధైర్యం ఇస్తుంది. ధైర్యం ఉన్నవాడు ఎక్కువసేపు తేలుతాడు.

2024 ఆగస్టు 30న కేంద్ర ప్రభుత్వం ఒక లక్ష చేపల పడవలకు ఇటూ అటూ వార్తలు పంపుకునే పరికరాలు అమర్చే పథకం ప్రారంభించింది. తుపాను వస్తున్నదనీ, పరదేశపు హద్దు దగ్గరపడిందనీ అవి ముందే చెపుతాయి. సముద్రం ఎట్లా ఉండబోతున్నదో లెక్కకట్టి చెప్పే సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాదులోనే ఉన్నది.

పులికాట్ వంటి సరస్సులో తిరిగే షికారు పడవకు ఇంత కూడా అక్కరలేదు. బస్సులకూ, లారీలకూ పెట్టే చిన్న జి.పి.ఎస్. పెట్టె చాలు. అది తన చోటు తెలుసుకుని, సెల్‌ఫోను సిమ్ము ద్వారా రేవులోని ఆఫీసుకు పంపుతుంది. ఆఫీసులో తెరమీద సరస్సు పటం, దానిమీద కదిలే చుక్కలు. ఏ చుక్కయినా ముఖద్వారం వైపు పోతే, కదలకుండా నిలిచిపోతే, చీకటి పడినా తిరిగి రాకపోతే వెంటనే తెలుస్తుంది. సెల్‌ఫోను అందని కొండల మధ్య మాత్రం రేడియోనో, ఉపగ్రహం పరికరమో ఉండాలి.

యంత్రం చేయలేని పనులు

ఇంత చదివి ‘‘ఆహా! ఇక భయమేమిటి?’’ అనుకునేరు. పడవ ఎక్కడ ఉన్నదో యంత్రం చెపుతుంది; పడవను మునగకుండా ఆపలేదు. ఇరవైమంది ఎక్కవలసిన పడవలో ముప్పైమంది ఎక్కితే, తెరమీద చుక్క అంతే ఉంటుంది, చుక్క లావెక్కదు! బాటరీ అయిపోతే యంత్రం మూగదవుతుంది. ఎవరైనా కట్టేస్తే అసలే పలకదు. ఎ.ఐ.ఎస్. లేని పడవ ఎదురు వస్తే మీ అద్దం మీద కనిపించదు గనక, సరంగు తెర వైపే చూస్తూ కూర్చోకూడదు. నీటి అడుగుకు ఈ రేడియో తరంగాలు పోవు. కచ్చులూరులో మునిగిన లాంచీని వెతకటానికి ధ్వని తరంగాలు తెచ్చింది అందుకే.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. మీ కేక విని ఎంత తొందరగా వచ్చినా, వచ్చేవారికి కొన్ని నిమిషాలైనా పడుతుంది. ఆ కొన్ని నిమిషాలూ మిమ్మల్ని నీటిపైన ఉంచేది ఉపగ్రహం కాదు, లైఫ్ జాకెట్. యంత్రం సాయాన్ని పిలుస్తుంది, జాకెట్ సాయం వచ్చేదాకా ఆగనిస్తుంది. ఒకటి లేకపోతే రెండవదానికి అర్థం లేదు.

పడవ ఎక్కే ముందు

ఈసారి మీరు అమ్మా నాన్నలతో షికారు పడవ ఎక్కేటప్పుడు ఈ పనులు చేయండి. పెద్దవాళ్ళు సంచులు సర్దుకునే హడావిడిలో ఉంటారు గనక, ఇది మీ పనే అనుకోండి.

పడవ మీద ఎంతమంది ఎక్కవచ్చో రాసి ఉంటుంది. చదివి, మనుషులను లెక్కపెట్టండి. చంకపిల్లలను కూడా లెక్కలో వేయండి.

మీకు సరిపోయే కొలత లైఫ్ జాకెట్ అడగండి. పెద్దవాళ్ళ జాకెట్ వేసుకున్న పిల్లవాడు నీళ్ళలో పడితే, జాకెట్ పైకి జారి పిల్లవాడు కిందికి జారుతాడు. కట్లు, బకిల్సు అన్నీ బిగించుకోండి. చెల్లాయికి, తమ్ముడికి కూడా మీరే బిగించండి.

ఫొటో కోసం అందరూ ఒక పక్కకు చేరకండి. పడవకు అన్నిటికన్నా పెద్ద శత్రువు అదే.

గాలి, మబ్బు చూసి పడవవాడు ‘‘ఈ పూట వద్దు’’ అంటే మారాము చేయకండి. అంత మాట అనగలవాడు మంచి పడవవాడు.

సముద్రం మీద ఆపద వస్తే తీరరక్షక దళం ఫోను నంబరు 1554. ఎక్కడైనా పనిచేసే ఆపద నంబరు 112. ఈ రెండూ నోటికి వచ్చి ఉండాలి.

చివరగా, రేవులో టిక్కెట్లు ఇచ్చేవారిని ఒక్క ప్రశ్న అడగండి: ‘‘అయ్యా, మేము కనబడనంత దూరం పోయిన తరవాత మా పడవ ఎక్కడ ఉన్నదో ఇక్కడ ఎవరికి తెలుస్తుంది?’’ దానికి తడుముకోకుండా జవాబు చెప్పగలవారి పడవ ఎక్కండి.